అంజిబాబు కంచం

గొడుగువాళ్లు అచ్చేసిన రంగుల పుస్తకంలో గంగాభవాని గురించి అరపేజీ ఉంది. మొగుడు వేటకెళ్లి తిరిగి రాలేదని, ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరే మిగిలారని, ప్రజాప్రతినిధుల ముందు ధైర్యంగా గొంతు విప్పిందని రాశారు. పక్కన ఆమె ఫోటో. అందులో ఒక్క అబద్ధం లేదు. అందుకే నాకు ఒళ్లు మంట. అబద్ధాలు రాసుంటే పట్టుకుని దులిపేసేదాన్ని. నిజాలే రాసి అసలు సంగతి వదిలేశారు. ఆ వదిలేసింది నేను రాస్తున్నాను.

నా పేరు పద్మశ్రీ. అల్లవరం మండలంలో, గోదావరి పాయ సముద్రంలో కలిసే దగ్గర మా రేవు. డ్వాక్రా సంఘం లీడర్ని. నాకు నోరెక్కువని ఊళ్లో పేరు. బ్యాంకు మేనేజర్ల దగ్గర ఆ నోరే పనికొస్తుంది కాబట్టి ఎవరూ పెద్దగా తప్పు పట్టరు. గంగాభవాని ఇల్లు మా ఇంటికి ఎదురు. ఆమె కాపురానికొచ్చిన రోజు గుమ్మంలో హారతి పట్టింది నేనే.

ఆ పిల్ల అమలాపురం మార్కెట్లో చేపలమ్మేది. ఎంత గడుసుదో చెప్పలేను. బేరమాడే పెద్దమనుషుల్ని కూడా వదిలేది కాదు. "చేప కళ్లు సూడండి బాబూ, మీకంటే అదే ఉషారుగా ఉంది" అని నవ్వించి, అడిగిన రేటుకే అంటగట్టేది. మొగుడు అంజిబాబు దీనికి పూర్తి విరుద్ధం. నోట్లోంచి మాట రావడమే కష్టం. రేవులో పడవ దిగి గట్టెక్కుతూ మాత్రం, వీధంతా వినపడేలా "కంచం పెట్టవే!" అని ఒక కేక వేసేవాడు. "ఆ కంచం కోసమే చేసుకున్నాడండీ నన్ను" అని ఈమె నవ్వేది. పులుసు కలుపుకుని అతను తింటుంటే ఎదురుగా కూర్చుని మార్కెట్టు కబుర్లన్నీ చెప్పేది. ఇద్దరికీ అదే సుఖం.

మా వేటకెళ్లే ఇళ్లల్లో ఒక పద్ధతుంది. మనిషి సముద్రం మీద ఉన్నంతసేపూ అతను తినే కంచం బోర్లించకూడదు. తోమి, తుడిచి, గూట్లో వెల్లకిలానే పెట్టాలి. ఇంకొకటి కూడా ఉంది. వెళ్లినవాడు రాకపోతే, "పోయాడు" అన్న మాట కట్టుకున్నదాని నోట్లోంచి రాకూడదు. ఊరంతా అనుకోనీ, పేపర్లో వేయనీ. ఆమె అననంతవరకు అతను వేటలో ఉన్నట్టే. అన్న రోజు నుంచీ లేనట్టే. ఆ రోజే కర్మకి మంచీ చెడ్డా చూస్తారు. చదువుకున్నవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం పోయింది. శవం దొరకని ఇళ్లల్లో ఆడది ఊపిరి తీసుకోవడానికి మా పెద్దవాళ్లు పెట్టుకున్న వెసులుబాటు అది.

వేట నిషేధం ఎత్తేసిన జూన్ నెలలో అంజిబాబు వాళ్ల ఫైబర్ బోటు వెళ్లింది. నలుగురు ఎక్కారు. వాయుగుండం లేదు, గాలివాన లేదు, సముద్రం పిల్లికూనలా పడుంది. బోటు రాలేదు. కోస్ట్ గార్డువాళ్లు వెతికారు, హెలికాప్టర్ తిరిగింది, మా వాళ్లు కూడా పడవలేసుకుని కాకినాడ దాకా పోయి వచ్చారు. అంతర్వేది వైపు ఒక డీజిలు డబ్బా ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అది వాళ్లదేనని కొందరు, కాదని కొందరు. అంతే, ఇంకేమీ దొరకలేదు.

అదే బోటులో సత్యవతి మొగుడు శివాజీ కూడా ఉన్నాడు. సత్యవతికి ఇద్దరు పసిపిల్లలు. ఏడాది తిరక్కుండానే ఆ మాట అనేసింది పాపం. గాజులు తీయించుకుని, అర్జీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. పరిహారమన్నా, పింఛనన్నా ముందు మరణ ధ్రువపత్రం తెమ్మన్నారు. శవం లేదు కదండీ, అంటే, శవం లేకపోతే ఏడేళ్లు ఆగాలమ్మా, చట్టం అలా ఉంది, అన్నారు. ఏడేళ్లు కబురు లేకపోతేనే మనిషి పోయినట్టు లెక్కట. అప్పటికి ఆమె పెద్దపిల్ల హైస్కూలుకొచ్చేస్తుంది. ఈలోగా వాళ్లేం తినాలో ఆ చట్టంలో ఎవరూ రాయలేదు.

గంగాభవాని ఏ ఆఫీసుకీ వెళ్లలేదు. పొద్దున్నే బొట్టు పెట్టుకుని మార్కెట్టుకి పోయేది, సాయంత్రం వచ్చి అంజిబాబు కంచం తోమి వెల్లకిలా పెట్టేది. అత్త దుర్గమ్మ దాన్ని కొంగుతో తుడిచేది. నవ్వు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. "ఏ బంగ్లాదేశ్ వాళ్లో పట్టుకుని జైల్లో పెట్టుంటారక్కా, ఈ మనిషికి నోరు లేదుగా, పేరు కూడా చెప్పి ఉండడు" అనేది నాతో. నేను కూడా "మరే" అనేదాన్ని. అలా రెండేళ్లు గడిచాయి.

అప్పుడు దిగారు గొడుగువాళ్లు. అదేదో విదేశీ సంస్థ. పేరు పొడుగ్గా ఇంగ్లీషులో ఉంటుంది, చొక్కాల మీద గొడుగు బొమ్మ ఉంటుంది, అందుకని మా ఊరికి వాళ్లు గొడుగువాళ్లే. సముద్రంలో మాయమైనవాళ్ల కుటుంబాలకి ఏడేళ్ల గడువు తీయించి ఏడాదికి తేవాలని వాళ్ల పోరాటం. మంచి పనే, కాదనను. మలికిపురం నుంచి లక్ష్మీప్రసన్న అనే అమ్మాయి రోజూ స్కూటీ మీద వచ్చేది. కల్మషం లేని పిల్ల. మా ఇళ్లల్లో నేల మీద కూర్చుని, పెట్టింది తినేది.

ఇలాంటి పనులు ఎలా చేస్తారో నేను అప్పుడే చూశాను. ముందు జనంలో కదలిక తేవాలట. ఒడ్డున మానవహారం కట్టించారు. అమలాపురం కాలేజీల్లో సంతకాలు పెట్టించారు. ఫలానా నంబరుకి మిస్డ్ కాల్ ఇవ్వండి అని ఆటోల వెనకాల బొమ్మలు అంటించారు. ఇంకోపక్క ఎమ్మెల్యేల ఇళ్లకి తిరిగారు. వాళ్లకి పెద్ద పెద్ద నివేదికలు ఇస్తే చదవరు కాబట్టి రెండే పేజీలు, పెద్ద అక్షరాలతో. వాళ్ల ఢిల్లీ మేడమ్ ఒకావిడ మా చేపల షెడ్డులో మీటింగు పెట్టి చెప్పింది. అంకెలు ఎన్ని చెప్పినా నాయకులకి గుర్తుండవట, ఒక్క ముఖం గుర్తుంటుందట. ఆ ముఖం మీలోంచే రావాలి అంది.

సత్యవతినే అనుకున్నారు ముందు. బోసి నుదురు, చంకలో పిల్ల. కెమెరా పెట్టగానే సత్యవతి కొంగు నోటికి అడ్డం పెట్టేసుకుంది. ఒక్క మాట పెగిలితే ఒట్టు, ఒకటే ఏడుపు. మేడమ్ కాసేపు చూసి, కళ్లద్దాలు తుడుచుకుని, గంగాభవాని వైపు తిరిగింది. చేపలమ్మే నోరు కదా, అడగ్గానే గడగడా చెప్పుకొచ్చింది. అక్కడున్న అందరికీ అర్థమైపోయింది ముఖం ఎవరిదో. ఆ మాట అనగలిగినదానికి నోరు లేదు, నోరున్నది ఆ మాట అనదు. మా ఖర్మ అలా ఏడిసింది.

గంగాభవాని మొదట రానంది. సత్యవతి వచ్చి ఆమె గుమ్మంలో కూర్చుంది.

"నువ్వెళ్లకపోతే మా గతేంటొదినా? నాకు నోరు రాదు. నా పిల్లల మొహం చూసి ఎల్లొదినా" అంది.

గంగాభవాని అత్త వైపు చూసింది. దుర్గమ్మ గూట్లో కంచం వైపు చూసింది. చివరికి, "ఎల్లు. రాలేదని సెప్పు. ఎతికేమని సెప్పు. దొరకలేదని సెప్పు. ఆ ఒక్క మాటా అనకు" అంది.

"అనను అత్తా. నేనెందుకంటాను?" అంది ఈమె.

ఫోటో తీసినప్పుడు కెమెరా అతను బొట్టు తీసేస్తే బాగుంటుందన్నాడు. గంగాభవాని ఒప్పుకోలేదు. లక్ష్మీప్రసన్న కూడా "ఆమె ఎలా ఉంటే అలాగే తీయండి" అని గట్టిగానే చెప్పింది. కాబట్టి అమలాపురం బస్టాండు దగ్గర కట్టిన ఫ్లెక్సీలో రూపాయి బిళ్లంత బొట్టుతోనే ఉంది. దుర్గమ్మ ఆటో కట్టించుకుని వెళ్లి మరీ చూసొచ్చింది. "బాగానే ఉంది" అంది.

తర్వాత మాటలు నేర్పారు. మూడు నిమిషాల్లో ముగించాలి, మొదట పేరు, తర్వాత ఏం జరిగింది, చివర ఏం కావాలి. లక్ష్మీప్రసన్న రాసిచ్చిన దాంట్లో "నా భర్త సముద్రంలో చనిపోయాడు" అని ఉండేది. గంగాభవాని ప్రతిసారీ "రాలేదండీ" అనేది. "చనిపోయాడు అనాలి గంగా, చట్టం దాని గురించే కదా" అని ఆ అమ్మాయి బతిమాలేది. "ఆయ్, అక్కడ చూద్దారి లెండి" అని ఈమె తప్పించుకునేది. సిగ్గనుకుందో, దుఃఖమనుకుందో ఆ పిల్ల. ఇంకేం అడగలేదు.

విజయవాడకి నన్ను తోడు తీసుకెళ్లింది. పెద్ద హోటలు. తెల్ల గుడ్డలు కప్పిన టేబుళ్లు, నీళ్ల సీసాలు, మైకులు. తీరంలో గెలిచిన ఎమ్మెల్యేలందరినీ పిలిచారు. సగంమందే వచ్చారు. ఒకాయన వచ్చీరాగానే ఫోన్లో పడ్డాడు. గంగాభవాని లేచి నిలబడింది. దానికి బెరుకే లేదు. జూన్ నెల, బోటు, డీజిలు డబ్బా, సత్యవతి పిల్లలు, అన్నీ చెప్పింది. చేపలు కొనడానికొచ్చినవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడింది. ఫోన్లో ఉన్నాయన ఫోన్ కింద పెట్టాడు. ఢిల్లీ మేడమ్ ముఖం వెలిగిపోయింది. "ఆయన రాలేదండీ" అని ముగించి కూర్చోబోయింది.

అప్పుడు ముందు వరస ఎమ్మెల్యేల్లో ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. మర్యాదస్తుడే, తిట్టుకోవడానికి కూడా లేదు.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. నుదుటన బొట్టుంది, చేతికి గాజులున్నాయి. మీ ఆయన తిరిగొస్తాడని మీకే ఆశ ఉన్నట్టుంది. మీరే నమ్మని చావుని చట్టం ఏడాదికే ఎలా నమ్మాలండి? రేపు సభలో నన్ను అడిగేది ఇదే" అన్నాడు.

లక్ష్మీప్రసన్న మెల్లగా, "చెప్పు గంగా" అంది.

"మీరు ఒక్క మాట చెప్పండి చాలు. మీ ఆయన ఉన్నాడా, పోయాడా?" అన్నాడాయన.

గంగాభవాని నా వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోలేను. గాజులు రెండు చేతులతోనూ కప్పుకుంది. గొంతు సవరించుకుంది. మళ్లీ మైకు దగ్గరికి వంగింది.

"పోయేడండి" అంది.

చప్పట్లు కొట్టారు. నిజంగా కొట్టారండీ! ఆ పెద్దాయన లేచి దణ్ణం పెట్టాడు. మేడమ్ వచ్చి కావలించుకుంది. ఫోటోలు తీశారు, మహజరు మీద సంతకాలు చేశారు. గంగాభవాని అందరి మధ్యా నిలబడి, కొంపలో ఏదో సామాను మర్చిపోయి వచ్చినదానిలా అటూ ఇటూ చూస్తోంది. భోజనం పెడితే ముట్టలేదు.

బస్సు సిద్ధాంతం ఊరు దాటింది. గోదావరి కనపడగానే, "అక్కా, అది మీటింగు మాట కదక్కా? మీటింగులో అంటే అన్నట్టు కాదు కదా?" అంది.

"కాదే, కాదు" అన్నాను. ఏమనమంటారు?

మాకు తెలియని సంగతేమిటంటే, ఆ మీటింగంతా గొడుగువాళ్లు ఫోన్లలో లైవ్ పెట్టారు. జనంలోకి వెళ్లాలి కదా మరి. ఊరంతా చేపల షెడ్డు దగ్గర చేరి సత్యవతి ఫోన్లో చూసింది. దుర్గమ్మని కుర్చీ వేసి ముందు కూర్చోబెట్టారట. కోడలు టీవీలో కనపడినట్టు కనపడుతుంటే మొదట మురిసిపోయిందట ముసలామె. ఆ మాట వినగానే లేచి ఇంటికి నడిచి వెళ్లిపోయిందట.

మేం ఆటో దిగేసరికి వాళ్ల అరుగు మీద ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. గూట్లో ఉండాల్సిన కంచం నట్టింట్లో నేల మీద ఉంది. బోర్లించి ఉంది. దాని పక్కన దుర్గమ్మ.

గంగాభవాని గుమ్మంలోనే ఆగిపోయింది. "అత్తా, అది ఆళ్ల కోసం అన్న మాటత్తా. చట్టం కోసం అన్నానత్తా" అంది.

"నీ నోటితోనే అన్నావు కదే" అంది దుర్గమ్మ. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "నా సెవులతోనే యిన్నాను. మాట మాటే. ఇంక నా కొడుకు యాటలో లేడు."

నాకు తిక్క రేగింది. "ఏంటి పిన్నీ ఈ చాదస్తం! హోటల్లో మైకులో అన్న మాటకి మనిషి చచ్చిపోతాడా?" అని అరిచాను. దుర్గమ్మ నా వైపు తలెత్తి చూసింది. "పోయేడని నాకెప్పుడో తెలుసమ్మా" అంది. "అది అననంతవరకు కంచం తుడుచుకున్నాను. ఇప్పుడేం తుడవను?" అంది. బ్యాంకు మేనేజర్ల దగ్గర పనికొచ్చే నోరు అక్కడ పనికి రాలేదు.

పెద్దకర్మ చేశారు. గోదావరి రేవులో గాజులు తీసేటప్పుడు గంగాభవాని చెయ్యి ఇవ్వలేదు, గుప్పిట బిగించేసింది. సత్యవతే ఆమెని పట్టుకుని, ఒకటే ఏడుస్తూ, వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. నేను ఒడ్డు మీద నిలబడలేక వచ్చేశాను.

లక్ష్మీప్రసన్నకి ఫోన్ చేసి నోటికొచ్చింది తిట్టాను. ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. "ఆ మాటకి ఇంత ఉందని నాకు తెలీదక్కా" అంది. "కోనసీమ పిల్లవే కదే, తెలీకపోవడమేంటి?" అన్నాను. "మాది కొబ్బరి వ్యాపారం అక్కా, మా ఇంట్లో వేటకెళ్లినవాళ్లే లేరు" అంది. పరుగున వచ్చి దుర్గమ్మ కాళ్ల మీద పడింది కూడా. దుర్గమ్మ లేపి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. దానికంటే రెండు దెబ్బలు వేసుంటే ఆ పిల్ల తేలికపడేది.

చట్టం సంగతంటారా. ఆ పెద్దాయన సభలో అడుగుతానన్నాడు. ఆ సమావేశాల్లో వేరే గొడవలతోనే సభ వాయిదా పడింది. తర్వాత సమావేశాల్లో అది అజెండాలోకే రాలేదు. గొడుగువాళ్ల ప్రాజెక్టు గడువు ముగిసింది. వాళ్ల వీడియోని మాత్రం లక్షలమంది చూశారట, ఇంకేదో దేశంలో మీటింగులో కూడా వేశారట. లక్ష్మీప్రసన్న ఉద్యోగం పోయి మలికిపురంలో వాళ్ల నాన్న కొట్లో కూర్చుంటోంది. అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంది. ఇద్దరం ఏం మాట్లాడుకోవాలో తెలియక పెట్టేస్తాం.

గంగాభవాని మళ్లీ మార్కెట్టుకి వెళ్లింది. బోసి నుదురుతో ఉన్న మనిషి దగ్గర పొద్దున్నే బోణీ చేయడానికి కొందరు వెనకాడారు. పైకి అనరు, పక్క బుట్ట దగ్గరికి జరుగుతారు. ఏం జనాలో, ఛీ! దాంతో ఆలస్యంగా, ఎండెక్కాక వెళ్లడం మొదలెట్టింది. చేప కళ్ల గురించి ఎవరితోనూ హాస్యమాడదు. అడిగిన రేటుకి ఇచ్చేస్తుంది.

పింఛనుకైనా పెడదామని నేనే గ్రామ సచివాలయానికి తీసుకెళ్లాను. అక్కడ పనిచేసే అనిల్ కుమార్ మేం ఎరిగిన కుర్రాడే, మంచివాడు. ఆధార్ నంబరు కొట్టి తెర వైపు చూశాడు. బుర్ర గోక్కున్నాడు.

"వితంతు పింఛనుకి తీసుకోవట్లేదండి పద్మగారూ. ఏడేళ్లు కాలేదు కదండీ. రికార్డులో ఈవిడ భర్త బతికే ఉన్నారండి" అన్నాడు.

నాకు నషాళానికంటింది. "ఒరే, ఊరంతా చేరి దీని గాజులు తీయిస్తే, మీ కంప్యూటరుకి వాడు బతికున్నాడా?" అని లేవబోయాను. గంగాభవాని నా చెయ్యి పట్టుకుని ఆపింది. బల్ల మీదికి వంగింది.

"ఏటన్నారు బాబూ?" అంది.

"భర్త బతికే ఉన్నారని చూపిస్తోందండి."

"ఇంకోసారి అనండి."

అతనికి అర్థం కాలేదు. సరిగా వినపడలేదేమో అనుకుని, గట్టిగా, విడమరిచి చెప్పాడు. "అంజిబాబు గారు బతికే ఉన్నారండి."

"ఆయ్" అంది గంగాభవాని. కొంగు సర్దుకుని బయటికొచ్చేసింది.

ఆ తర్వాత ప్రతి నెలా వెళ్తోందని నాకు అనిల్ కుమార్ చెప్పేదాకా తెలియదు. "రూలు మారలేదని చెప్తూనే ఉన్నానండి. అర్జీ కూడా తేవట్లేదు. ఓసారి సూడండి బాబూ అని నిలబడతారు. నేను చూసి అదే మాట చెప్తాను. ఆయ్ అని వెళ్లిపోతారు. ఎందుకొస్తున్నారో మీరైనా అడగండి" అన్నాడు. అడగనని చెప్పాను. చూసి చెప్పడానికి నీకేం బరువు, అడిగినప్పుడల్లా చెప్పు, అన్నాను.

మొన్న నెల మొదట్లో ఆమె అటునుంచి తిరిగొచ్చేసరికి నేను మా అరుగు మీద చేపలు బాగుచేస్తున్నాను. దుర్గమ్మ ఎదురింటి గుమ్మంలో కూర్చుని ఉంది. చూపు బాగా తగ్గింది ముసలామెకి, కోడలి అడుగుల చప్పుడు గుర్తుపట్టి తలెత్తింది.

"ఏటన్నాడే?" అని అడిగింది.

"ఉన్నాడనే అన్నాడత్తా" అంది గంగాభవాని, చెప్పులు విడుస్తూ.